కచేరీలో అక్క కుర్చీ

ఖానాపురం హవేలి, ఖమ్మం
18 నవంబర్ 2024

అక్కా,

వందనాలు. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "సిగ్నల్ లేదు రాజూ, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. ముప్పై ఐదేళ్ళు కరెంటు స్తంభాలు ఎక్కి దిగి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి, ఇప్పుడు ఇన్‌లాండ్ కవరు కోసం పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడితే, అక్కడి అమ్మాయి ఈయన ఏ కాలం మనిషిరా అన్నట్టు చూసింది. నీ అడవికి టవరు ఎప్పుడొస్తుందో గానీ అప్పటిదాకా నా దస్తూరీ బాగుపడేలా ఉంది.

అసలు సంగతికి వస్తాను. మన స్తుతి జనవరి 25న, శనివారం సాయంత్రం, హైదరాబాదులో ఒక పెద్ద హాల్లో వాయిస్తోంది. అన్నీ పాత సినిమా పాటలే. అది ఆర్కెస్ట్రా అనగానే నాకు మన పెళ్ళిపందిళ్ళ ఆర్కెస్ట్రా గుర్తొచ్చింది. రెండు కీబోర్డులు, ఒక ప్యాడు, ముందర తళుకుల చొక్కా గాయకుడు. పెళ్ళి ఎవరిదే అని అడిగాను. కడుపుబ్బ నవ్వింది. "గది గాదు నాన్నా, అరవై మందిమి ఒక్కసారి వాయిస్తం. వయొలిన్లే ఇరవై రెండుంటయ్. అండ్ల ఒకటి తాతది" అంది.

అవును, మన నాన్నదే. నాన్న పోయాక ఆ వయొలిన్ నీ దగ్గరకు వచ్చింది. స్తుతికి తొమ్మిదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, నువ్వు దాని చేతిలో పెట్టి తీగలు బిగించడం నేర్పావు. మిగతాదంతా ఆ తర్వాత వచ్చిన గురువులు నేర్పారు గానీ, మొదటి గురువు నువ్వే.

రెండు సీట్లు పంపింది. ఒకటి నాకు, ఒకటి సుజాతకు అనుకున్నాను. మీ మరదలు చప్పున తన సీటు వదిలేసుకుంది. "ముందుగాల వదినె పోవాలె. ఆ పిల్లకు వయొలిన్ ఇచ్చింది ఆమెనే" అంది. కాబట్టి నువ్వు చర్ల నుంచి పొద్దున బస్సెక్కు. భద్రాచలం బస్టాండులో నేనుంటాను. అక్కడి నుంచి హైదరాబాదు దాకా నీ సంచీ నేనే మోస్తాను.

నాన్న ఉంటే ఆ శనివారం ప్రార్థనలో మనిద్దరినీ మోకాళ్ళ మీద నిలబెట్టేవాడు. ఆయన వయొలిన్ మీద సినిమా పాటలు, ఆయన మాటలో లోకపు పాటలు! తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం భయం కూడా వేస్తుంది. ఒప్పుకున్నానని ఒక్క ముక్క రాయి.

నీ సంచీ మోసే తమ్ముడు,
షాలేమ్‌రాజు


తాటివాగు, చర్ల మండలం
29 నవంబర్ 2024

రాజూ,

మీ ఇల్లంతా దేవుని కాపుదలలో ఉండాలని కోరుకుంటున్నాను. నీ ఉత్తరం పోస్టు రాజేష్ బుధవారం తెచ్చాడు. వాకిట్లో నిలబడి ఎంతసేపు పిలిచాడో, లోపలికొచ్చి భుజం తట్టేదాకా నేను పొయ్యి ముందే ఉన్నాను. ఈ కాలపు పిల్లలకు గొంతే ఉండదు.

స్తుతి సంగతి నాలుగుసార్లు చదివాను. ఇరవై రెండింటిలో నాన్నది ఒకటి! దాని రెండో తీగ బిగించే కొయ్య ఎండాకాలంలో జారుతుంది, సుద్దముక్క రాసుకోమని చెప్పు. జనవరిలో ఎండలుండవులే, అయినా చెప్పు.

నేను రాలేనురా. పక్కింటి నాగక్క కోడలు పుల్లమ్మకు జనవరిలోనే నెలలు నిండుతాయి. నర్సు ఉద్యోగం దిగిపోయి ఏడేళ్ళయినా ఈ ఊరివాళ్ళు ఒప్పుకోవడం లేదు. నొప్పులు మొదలైతే అంబులెన్సు కంటే ముందు నన్నే పిలుస్తారు. ఇంకా కోళ్ళున్నాయి. మొన్న పట్టపగలు ముంగిస వచ్చి పెట్టను ఎత్తుకుపోయింది. మా కుక్క చూస్తూ ఊరుకుంది, ముసలిదైపోయింది పాపం. నాగక్క మాత్రం "ఊకోలేదు, ఊరంత లేచెటట్టు మొరిగింది" అని కుక్క తరఫున వకాల్తా పుచ్చుకుంది.

మొన్న ఆదివారం పాస్టరుగారు ఒక కీర్తన చెప్తే నేను ఇంకోటి తీశాను. అందరూ మూడో చరణంలో ఉంటే నేను పేజీలు తిప్పుతున్నాను. పక్కామె మోచేత్తో పొడిచి చూపించింది. వయసు మరి.

అయినా ఈ వయసులో లోకపు పాటల కోసం పట్నం పోవడమేంటి? నాన్న ఏమనేవాడో నీకు నేను చెప్పాలా? సుజాతనే తీసుకుపో. స్తుతికి నా దీవెనలు చెప్పు. వాయించే ముందు కాస్త ఏమైనా తినమను, అది ఖాళీ కడుపుతో వణుకుతుంది.

అక్క,
మరియ


ఖానాపురం హవేలి
9 డిసెంబర్ 2024

అక్కా,

కోళ్ళా? కోళ్ళ కోసం రానంటావా? ఇంకో పెట్టను నేను కొనిస్తాను.

నిన్ను ఆపుతున్నది కోళ్ళు కాదు, నాన్న కాదు. నేను. యాభై ఏళ్ళుగా మనిద్దరం ఆ మాట ఎత్తలేదు. ఈ ఉత్తరంలో ఎత్తుతాను, నీకు కోపమొస్తే రానీ.

1974. వైరా చెరువు కట్ట కింద ఇల్లు. శనివారం దీపాలు పెట్టే వేళకు నాన్న చాప పరిచి కుటుంబ ప్రార్థన పెట్టేవాడు. ఆ వారంలో ఎవరు చేసిన తప్పు వాళ్ళు నోటితో చెప్పుకోవాలి. నాకు పదకొండేళ్ళు. ఆ వారమంతా జ్వరం. మంచంలో పడున్నవాడు ఏం తప్పు చేస్తాడక్కా? నా వంతు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ దొరకలేదు. నా తప్పేం లేదంటే అది గర్వం, అదే అన్నిటికంటే పెద్ద తప్పు అనేవాడు కదా ఆయన. భయమేసింది. "అక్క సినిమా పాట పాడింది" అన్నాను.

నువ్వు ఆ పాట పాడింది నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ. నాకు నిద్ర పట్టడానికి. కట్ట మీది దర్జీ కొట్టు రేడియోలో ఒక్కసారి విని మొత్తం పట్టుకొచ్చిన పాట.

మర్నాడు ఆదివారం నాన్న నిన్ను సంఘం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించాడు. పాటల బృందం ఆయనదే, అందులోంచి తీసేశాడు. పదిహేడేళ్ళ పిల్లవి. ఆ రోజు నుంచి చర్చిలో నీ పెదాలు కదలడమే చూశాను గానీ గొంతు వినలేదు. నా పెళ్ళిలో చూశాను, నాన్న సమాధి దగ్గర చూశాను. పక్కన నిలబడి మరీ విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు.

ఆ ఒక్క సాయంత్రం నిన్ను కూర్చోబెట్టి ఆ పాటలన్నీ అరవై మందితో వినిపిస్తే నా మనసు కాస్త తేలికవుతుందనుకున్నాను. నువ్వేమో లోకపు పాటలని రాశావు. నన్ను శిక్షించాలనుకుంటే ఇంతకంటే మంచి మాట నీకు దొరికేది కాదు.

సీటు నీ పేరనే ఉంది. సుజాత వెళ్ళనంటోంది.

షాలేమ్‌రాజు


తాటివాగు
20 డిసెంబర్ 2024

రాజూ,

క్రిస్మస్ శుభాకాంక్షలు. రాజేష్ చేతికి తేనె సీసా ఇచ్చాను, మూత గట్టిగా బిగించాను. ఎండలో పెట్టకండి.

నువ్వు పదకొండేళ్ళ పిల్లవాడివి. జ్వరంలో ఉన్నావు. నిన్ను నేను ఎప్పుడో, ఆ రాత్రే క్షమించాను. నిన్ను శిక్షించడానికి రాయలేదు.

నాకు ఆ పాటల మీద ఇష్టం పోయింది. అంతే. మనిషికి కొన్ని ఇష్టాలు పోతాయి, పోయినవాటి వెంట పడి ఏం లాభం? ఈ సంగతి ఇంక రాయొద్దు. సీటు ఎవరికైనా ఇచ్చెయ్యి.

మరియ


ఖానాపురం హవేలి
28 జనవరి 2025

మరియక్కకు,

కచేరీ బాగా జరిగింది. చివర్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సీటు ఎవరికీ ఇవ్వలేదు. నా సంచీ పెట్టుకున్నాను. ఒకావిడ వచ్చి ఖాళీయేనా అని అడిగింది. "మా అక్క వస్తది" అన్నాను. విరామం తర్వాత మళ్ళీ వచ్చి అడిగింది. ఈసారి సంచీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను, ఆవిడే వెళ్ళిపోయింది.

నీకు తెలియాల్సింది ఇంకోటి ఉంది. తెలియకపోతేనే బాగుండేది. రెండో సగంలో ఆ పాట వాయించారు. తడిగుడ్డ పాట. దాని చిన్నప్పుడు సెలవుల్లో, ఆ పాట నీకిష్టమని స్తుతికి చెప్పావట కదా, నాకు తెలియనే తెలియదు. అది వాళ్ళ ఆర్కెస్ట్రా పెద్దాయన్ను మూడు నెలలు బతిమాలి ఆ పాట పెట్టించుకుంది. అందులో ఒకచోట మిగతా అందరూ ఆగుతారు, వయొలిన్ ఒక్కటే పలుకుతుంది. అది నాన్న వయొలిన్. అది స్తుతి.

వాయించడం అయ్యాక అది నా పక్క కుర్చీ వైపు చూసింది.

బయటికొచ్చి మొదట అడిగింది నీ గురించే. నేను చెప్పాల్సింది కాదు, తెలుసు. కోపంలో నోరు ఆగలేదు. "అత్తకు ఆ పాటల మీద ఇష్టం పోయిందంట" అన్నాను. అది ఏడవలేదు. వయొలిన్ పెట్టె మూసి నా చేతికిచ్చింది. "గట్లయితే ఇది అత్తకే ఇచ్చెయ్ నాన్నా. ఆమెకు ఇష్టం లేని పాటలు దీని మీద వాయించుడు నాకు మంచిగ అనిపిస్తలేదు" అంది. ఎంత చెప్పినా వినలేదు. మన ఇంటి పట్టుదల ఎక్కడికి పోతుంది?

ఇప్పుడది మా బీరువా మీద ఉంది. ఎవరితో పంపమంటావో రాయి.

షాలేమ్‌రాజు


తాటివాగు
7 ఫిబ్రవరి 2025

నా తమ్ముడు రాజుకు,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. నాలుగు కాగితాలు చించాక ఇది రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

నాకు వినపడదు రాజూ. రెండేళ్ళ నుంచి తగ్గుతూ వచ్చి, పోయిన వానాకాలం దాటేసరికి దాదాపు పోయింది. భద్రాచలంలో చెవి డాక్టరుకు చూపించుకున్నాను. నరం బలహీనపడిందన్నాడు. మెషిన్ పెట్టారు. మనిషి ఎదురుగా ఉండి మెల్లగా మాట్లాడితే, నోరు చూసుకుంటూ నెట్టుకొస్తున్నాను. పాట మాత్రం మెషిన్లో రేకుల మీద కంకర పోసినట్టు వస్తుంది. ఏ స్వరం ఏదో తెలియదు. సిగ్నల్ లేదన్నది సగం నిజం. ఊరి బయటి బండ ఎక్కితే ఉంటుంది. ఎక్కినా నీ మాట నాకు అందదు.

కుక్క మొరిగే ఉంటుంది. రాజేష్ పిలిచే ఉంటాడు.

నీకెందుకు చెప్పలేదంటే, మొదట సిగ్గు. నాన్న నన్ను బృందంలోంచి తీసేశాక కూడా శనివారం శనివారం వయొలిన్ తెచ్చి నా ముందు పెట్టేవాడు, గుర్తుందా? మాట్లాడేవాడు కాదు. హార్మోనియం మెట్టు ఒకటి నొక్కి పట్టుకునేవాడు, నేను తీగలు బిగించేదాన్ని. "నీ చెవి పట్టుకున్నది నా చెయ్యి పట్టుకోదు" అని ఒకే ఒక్కసారి అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది జన్మలో అంతే. ఆ చెవి పోయిందని ఎవరితో చెప్పుకోను?

రెండోది స్తుతి. నేను వస్తే అది వాయిస్తూ నా మొహం చూస్తుందని నాకు తెలుసు. చూసిందని నువ్వే రాశావు. నేనేం చేసేదాన్ని? వినపడుతున్నట్టు తల ఊపాలి, నవ్వాలి. యాభై ఏళ్ళు చర్చిలో పెదాలతో అబద్ధమాడాను. ఆ పిల్ల వయొలిన్ ముందు చెవులతో కూడా ఆడలేకపోయాను. అందుకే ఇష్టం పోయిందని రాశాను. అదే తేలికైన అబద్ధమనుకున్నాను. అది ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. తప్పు నాది.

ఇంకోటి. నేను పాట మానేశాననుకుని నువ్వు కుమిలిపోతున్నావు. చర్చిలో మానాను రాజూ, మంకుపట్టు. పాట మానలేదు. ఈ చుట్టుపక్కల గూడేల్లో నా చేతుల మీద పుట్టిన ప్రతి బిడ్డకూ పొత్తిగుడ్డలో చుట్టి పాడాను, అన్నీ లోకపు పాటలే. నాగక్క కొడుకు వీరబాబుకు తడిగుడ్డ పాటే పాడాను. మొన్న వాడి పెళ్ళాం పుల్లమ్మకు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చాక దానికీ పాడాను. బాగుందా అని నాగక్కను అడిగాను. "మంచిగనే ఉన్నదక్కా" అంది, కానీ నా కళ్ళలోకి చూడకుండా అంది. ఇకమీదట పాడను.

వయొలిన్ పంపొద్దు. ఈ ఉత్తరం స్తుతికి చదివి వినిపించి, వయొలిన్ మళ్ళీ దాని చేతికే ఇవ్వు.

ఒక్క కోరిక. నీ ఉత్తరంలో కచేరీ గురించి రెండే ముక్కలున్నాయి, బాగా జరిగిందని, చప్పట్లు కొట్టారని. నాకు అది చాలదు. ఆ పాటలన్నీ నాకు లోపల ఉన్నాయి, ఒక్క అక్షరం పోలేదు. ఎలా మొదలుపెట్టారు, ఎవరు ముందు అందుకున్నారు, ఎక్కడ తగ్గించారు, స్తుతి ఒక్కతే వాయించినప్పుడు ఎంతసేపు, విల్లు మెల్లగా లాగిందా తొందరగానా, అన్నీ రాయి. నువ్వు రాస్తే నేను ఇక్కడ కూర్చుని వింటాను. ఎంత పొడుగైనా ఫర్వాలేదు.

నీ జవాబు కోసం రోజూ రాజేష్ సైకిల్ వైపు చూస్తుంటాను.

అక్క


ఖానాపురం హవేలి
15 ఫిబ్రవరి 2025

అక్కా, నా అక్కా,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే విప్పాను. ఇంటికెలా వచ్చానో తెలియదు. సుజాత చదివి కొంగు నోట్లో కుక్కుకుంది.

స్తుతికి ఫోన్లో చదివి వినిపించాను. చదవడం అవగానే "అత్త దగ్గరికి పోదాం నాన్నా" అంది. వచ్చే శనివారం, 22న, వస్తున్నాం. సుజాత కూడా. స్తుతి నిన్న ఇంటికొచ్చింది, వయొలిన్ దాని చేతికిచ్చేశాను. రాత్రి అది పెట్టె తెరిస్తే అందులో రెండో కొయ్యకు రాసే సుద్దముక్క కనిపించింది. నువ్వు చెప్పమన్నది నేను చెప్పడం మరిచిపోయాను. అది మాత్రం తొమ్మిదేళ్ళప్పటి నుంచి దాచుకుంది.

ఇక నీ కోరిక.

రెండు మూడు రోజులుగా రాయడానికి కూర్చుంటున్నాను. మూడు కాగితాలు పాడుచేశాను. ఒకదాంట్లో కల్పించి కూడా రాశాను. వయొలిన్లు ఇలా మొదలుపెట్టాయి, పిల్లనగ్రోవి ఇలా అందుకుంది అని. చదివితే పెళ్ళిపత్రికలా ఉంది. నువ్వు రెండో వాక్యంలోనే పట్టేస్తావు. చించేశాను.

నేను వినలేదక్కా.

అరవై మంది నా ముందు రెండున్నర గంటలు వాయించారు. నా రెండు చెవులూ శుభ్రంగా ఉన్నాయి, దోమ వాలినా వినపడుతుంది. నేను పక్క కుర్చీలో సంచీ చూస్తూ కూర్చున్నాను. నీకు రాయాల్సిన ఉత్తరంలో ఏ మాట నిన్ను ఎక్కువ నొప్పిస్తుందా అని మాటలు కూర్చుకుంటున్నాను. ఏ పాట ఏదో పక్కవాళ్ళ మాటలను బట్టి తెలిసింది. తడిగుడ్డ పాట వచ్చినప్పుడు, చూడు, రాలేదు చూడు, అనుకున్నాను. స్తుతి ఒక్కతే వాయించినప్పుడు కూడా అదే అనుకున్నాను. విల్లు మెల్లగా లాగిందో తొందరగా లాగిందో నాకు తెలియదు. నా బిడ్డ. నాన్న వయొలిన్. నీ పాట. నాకు తెలియదు.

నిజంగా విన్నది ఒక్కటే ఉంది. అది పాట కాదు. దీపాలు తగ్గించక ముందు, అందరూ వచ్చి కూర్చున్నాక, ఒకాయన సన్నాయిలాంటి నల్లటి వాద్యం మీద ఒకే ఒక స్వరం పట్టుకున్నాడు. అప్పటికి నాకింకా కోపం మొదలవలేదు. స్తుతి ఎక్కడుందా అని వెతుకుతున్నాను. ఆ ఒక్క స్వరానికి అరవై మందీ తమతమ వాద్యాలు కలుపుకున్నారు. ముందు గందరగోళంగా ఉంది, సంతలా. తర్వాత ఒక్కొక్కరూ దగ్గరకొచ్చారు, దగ్గరకొచ్చారు, ఒక్కటైపోయింది. స్తుతి తల పక్కకు వంచి కొయ్య తిప్పుతోంది. నువ్వు చాప మీద కూర్చుని తల పక్కకు వంచినట్టే. నాన్న మెట్టు నొక్కి పట్టుకుంటే గోడకానుకుని నేను చూసేవాణ్ణి కదా, అచ్చం అట్లాగే. అది అర నిమిషం కూడా లేదు. నా దగ్గర ఉన్నది ఆ అర నిమిషమే, అది నీకు రాశాను.

శనివారం మేము దీపాలు పెట్టే వేళకు చేరతాం. నువ్వు చాప పరుచు. యాభై ఏళ్ళ కింద నా వంతు వచ్చినప్పుడు నీ తప్పు చెప్పాను. ఈసారి నాది నేను చెప్పుకుంటాను. నీ ఎదురుగా కూర్చుని, నా నోరు నీకు కనపడేలా, మెల్లగా చెప్తాను.

నీ తమ్ముడు,
రాజు